ఏం పని చేస్తారని అడిగిన డాక్టరమ్మ

ఇంట్లో ఎవరిదైనా ఓపీ చీటీ ఉంటే ఒకసారి తీసి చూడండి. పేరు, వయసు, బరువు, బీపీ, షుగర్ అన్నీ రాసి ఉంటాయి. ఆ మనిషి రోజుకు ఎనిమిది, పది గంటలు ఎక్కడ నిలబడి, ఏం పీలుస్తూ, ఏం ముట్టుకుంటూ పనిచేస్తున్నాడన్నది మాత్రం చాలా చీటీల్లో కనిపించదు. రోగిని ఏం పని చేస్తావని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే పుస్తకం రాసి చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని జీవితమంతా ఫ్యాక్టరీల చుట్టూ తిరిగిన డాక్టరమ్మ గురించి ఈ వారం మీకు చెబుతాను. ఆమె పేరు ఆలిస్ హామిల్టన్. అమెరికాలో వృత్తి ఆరోగ్యం అనే వైద్య శాఖకు పునాది వేసింది ఆమే. ర్యాంకులు, కౌన్సెలింగులు, పీజీ సీట్ల గురించి రోజూ మాట్లాడుకునే ఇళ్లలో ఈ కథ తెలియాలి. ఎందుకంటే ఆమె చదువుకోవాలనుకున్న చోట్ల చాలావాటిలో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ఆమె ఎంచుకున్న సబ్జెక్టును ఆమె దేశంలో నేర్పేవాళ్లూ దాదాపు లేరు.

వ్యాపారం దెబ్బతిన్నాక

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న పుట్టింది. పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో. నలుగురు అక్కచెల్లెళ్లలో ఆమె రెండోది. పెద్దమ్మాయి ఎడిత్ తర్వాతి కాలంలో గ్రీకు పురాణగాథల రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. పిల్లలకు చిన్నప్పుడు చదువంతా ఇంట్లోనే. భాషలు, సాహిత్యం, చరిత్ర బాగా వచ్చాయి కానీ సైన్సు పెద్దగా అబ్బలేదు.

తండ్రి కిరాణా టోకు వ్యాపారం దెబ్బతినడంతో ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చదువుకున్న అమ్మాయికి ఉన్న దారులు చాలా తక్కువ. ఆలిస్ వైద్యం ఎంచుకుంది. సైన్సు మీద మక్కువతో కాదు. డాక్టరైతే ఏ దేశమైనా, ఏ మురికివాడైనా వెళ్లి పదిమందికి పనికిరావచ్చని.

దానికోసం ఊళ్లోనే ఒక ఉపాధ్యాయుడి దగ్గర ఫిజిక్స్, కెమిస్ట్రీ మొదటి నుంచి నేర్చుకుంది. ఫోర్ట్ వేన్‌లోని చిన్న వైద్య కళాశాలలో అనాటమీ చదివింది. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. అమెరికాలో ఆడపిల్లలను వైద్యవిద్యలోకి ముందుగా రానిచ్చిన పెద్ద విశ్వవిద్యాలయాల్లో అదొకటి. 1870 నుంచే అక్కడ వాళ్లకు ప్రవేశం ఉంది. 1893లో ఆలిస్ ఎండీ పట్టా పుచ్చుకుంది. మినియాపొలిస్‌లో, బోస్టన్‌లో స్త్రీల ఆస్పత్రుల్లో ఇంటర్న్‌షిప్ చేసింది. ఆ అనుభవంతో ఆమెకు ఒక విషయం తేలిపోయింది. తన మనసు ప్రాక్టీసు మీద లేదు, ప్రయోగశాల మీద ఉంది. బ్యాక్టీరియాలజీ, పాథాలజీ చదవాలి.

కనబడకుండా కూర్చోవాలి

అప్పట్లో ఆ సబ్జెక్టుల్లో పైచదువంటే జర్మనీయే. 1895లో అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి వెళ్లారు. లైప్‌జిగ్, మ్యూనిక్ విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్లకు పట్టా ఇవ్వరు, విద్యార్థులుగా చేర్చుకోరు. ప్రొఫెసర్ దయ తలిస్తే పాఠం వినొచ్చు. అది కూడా మగ విద్యార్థుల కంట పడకుండా ఒద్దికగా ఒక మూల కూర్చుంటేనే. ఆలిస్ ఆ షరతుకు ఒప్పుకుని, కావలసింది నేర్చుకుని వచ్చింది.

తిరిగొచ్చాక బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో ఒక ఏడాది పాథాలజీ చేసింది. అక్కడ ఆడవాళ్లకు తలుపు తెరిచే ఉంది. దానికీ ఒక కారణముంది. ఆ మెడికల్ స్కూలు పెట్టడానికి డబ్బు చాలకపోతే కొందరు మహిళలు విరాళాలు పోగుచేశారు. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లనూ చేర్చుకోవాలన్న షరతు మీద ఆ డబ్బు ఇచ్చారు. 1893లో స్కూలు తెరిచిన రోజు నుంచే అది అమలైంది. ఒకరు పెట్టిన షరతు ఇంకొకరి చదువుకు ఎలా పనికొచ్చిందో చూడండి.

కార్మికుల పేటలో కాపురం

1897లో షికాగోలోని మహిళా వైద్య కళాశాలలో పాథాలజీ ప్రొఫెసర్‌గా ఉద్యోగం వచ్చింది. బస హల్ హౌస్‌లో. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో మొదలుపెట్టిన సేవాకేంద్రం అది. చుట్టూ ఇటలీ, గ్రీస్, పోలండ్, రష్యాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కార్మికుల ఇళ్లు. చదువుకున్నవాళ్లు ఆ పేటలోనే ఉంటూ, పగలు తమ ఉద్యోగాలు చేసుకుంటూ, మిగతా వేళల్లో ఇరుగుపొరుగుకు సాయపడేవారు. ఆలిస్ పసిపిల్లల కోసం క్లినిక్ నడిపింది.

కాలేజీ నేర్పని పాఠాలు ఆమె అక్కడ నేర్చుకుంది. ఉక్కు మిల్లులో విషవాయువు పీల్చి పడిపోయినవాళ్ల కథలు ఆ పేటలో వినిపించేవి. రంగులు వేసే పనిలో చేతులు పడిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్లు, కబేళాల చలిలో, తడిలో పనిచేసి న్యుమోనియా, కీళ్లనొప్పులు తెచ్చుకున్నవాళ్లు కళ్లెదుటే ఉండేవారు. ఆ పేటలో అందరికీ తెలిసిన ఈ సంగతులు వైద్య పత్రికల్లో కనిపించేవి కావు.

ఇంతలో బ్రిటిష్ వైద్యుడు థామస్ ఆలివర్ ప్రమాదకర వృత్తుల మీద తెచ్చిన పుస్తకం ఆమె చేతికొచ్చింది. వెంటనే లైబ్రరీకి వెళ్లి అమెరికా గురించి ఏముందో వెతికింది. యూరప్ దేశాల అధ్యయనాలు బోలెడు దొరికాయి. తన దేశానివి దాదాపు లేవు. మన ఫ్యాక్టరీలు యూరప్ వాటికంటే శుభ్రమైనవి, ఇక్కడ ఆ జబ్బులు రావని అమెరికా డాక్టర్లు అనుకునేవారు. ఎవరూ వెతకలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. అంతే.

మెరిసే టబ్బు వెనక

1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం వృత్తి వ్యాధుల సర్వే మొదలుపెట్టి, ఆ పని ఆలిస్‌కు అప్పగించింది. అమెరికాలో ఒక రాష్ట్రం ఇలాంటి సర్వే చేయించడం అదే మొదటిసారి. ఆమె తనవంతుగా సీసాన్ని తీసుకుంది.

సీసం ఏం చేస్తుందో ముందు మీకు చెప్పాలి. ఒంట్లోకి చేరిన సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లో దాగి ఉంటుంది. అందుకే జబ్బు నెమ్మదిగా బయటపడుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిగుళ్ల అంచున నీలిగీత కనిపిస్తాయి. ముదిరితే మణికట్టు వాలిపోయి చెయ్యి పైకి లేవదు. మెదడుకు పాకితే మతి చలిస్తుంది, ఫిట్స్ వస్తాయి. గర్భిణులకు గర్భస్రావాలవుతాయి.

ఆలిస్ ఆస్పత్రుల రికార్డులు తిరగేసింది. మందుల షాపులవాళ్లను, చర్చి ఫాదర్లను, కార్మిక నాయకులను కలిసింది. ఎక్కువగా చేసింది మాత్రం కార్మికుల ఇళ్లకు వెళ్లడం. ఒకసారి ఆస్పత్రిలో ఒక పోలండ్ కార్మికుడు కనిపించాడు. కడుపునొప్పి, రెండు మణికట్లూ వాలిపోయాయి. బాత్‌టబ్బులకు ఎనామెల్ పూత వేసే పని చేసేవాడు. ఎనామెల్ పనిలో సీసం ఉంటుందని అప్పటిదాకా ఆమె ఎక్కడా చదవలేదు. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే సీసం వాడటమే లేదన్నారు. తిప్పి చూపించారు కూడా. ఆమె చూసినంతలో తప్పేమీ కనిపించలేదు.

ఆమె అక్కడితో వదిలేయలేదు. ఆ కార్మికుడి ఇంటికి వెళ్లింది. అప్పుడు తెలిసింది, తనకు అసలు గదిని చూపించలేదని. ఎనామెల్ పని జరిగేది వేరే చోట. కొలిమిలోంచి ఎర్రగా కాలుతున్న టబ్బును బయటకు తీసి, దాని మీద ఎనామెల్ పొడి చల్లుతారు. పొడి కరిగి పూతలా పరుచుకుంటుంది. గాల్లోకి లేచిన పొడి పనివాడి ముక్కులోకి, నోట్లోకి పోతుంది. ఆ పొడి కొంచెం సంపాదించి పరీక్ష చేయిస్తే అందులో 20 శాతం దాకా కరిగే సీసం ఉందని తేలింది.

ఈ సర్వేలో సీసం వాడే పనులు 70కి పైగా, సీసం విషం ఎక్కినవారు 500 మందికి పైగా లెక్కకు వచ్చారు. ఆ కాలంలో కార్మికుడు చేతులు కడుక్కోకుండా తినడం వల్లే సీసం ఒంట్లోకి పోతుందని డాక్టర్లు, యజమానులు అనుకునేవారు. అంటే తప్పంతా పనివాడిదే. అసలు దారి దుమ్ము, ఆవిర్లు అని ఆలిస్ చూపించింది. చేతులు ఎంత కడుక్కున్నా గాలి పీల్చక తప్పదు కదా! దుమ్ము లేవకుండా చూడాల్సింది ఫ్యాక్టరీ యజమాని. 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసింది. ప్రమాదకరమైన పనుల్లో కార్మికులకు రక్షణ, నెలనెలా వైద్య పరీక్ష తప్పనిసరి అయ్యాయి.

22 పేర్లతో వచ్చింది

ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం కూడా ఇదే పని దేశమంతటా చేయమంది. కానీ నెల జీతం లేదు. నివేదిక ఇచ్చాక డబ్బు ఇస్తారు. ఫ్యాక్టరీలోకి అడుగు పెట్టే చట్టబద్ధమైన అధికారమూ లేదు. యజమాని వద్దంటే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి. అయినా చాలామంది రానిచ్చారు. ఆమె మర్యాదగా అడిగేది, చూసింది చూసినట్టు యజమానికే ముందు చెప్పేది.

నేషనల్ లెడ్ కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కార్నిష్ సంగతి చూడండి. మీ కార్మికులకు సీసం విషం ఎక్కుతోందని ఆలిస్ చెబితే ఆయన నమ్మలేదు. నిరూపిస్తే మాత్రం చెప్పినట్టు చేస్తానన్నాడు. ఆమె ఆస్పత్రి రికార్డులు వెతికి, అనుమానానికి తావులేని 22 కేసులు తెచ్చి ముందు పెట్టింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. దుమ్ము, ఆవిర్లు తగ్గించే ఏర్పాట్లు చేయించాడు, డాక్టర్లను పెట్టాడు. ఇక్కడ నాకు నచ్చేది ఆమె లెక్క. కొంచెం అనుమానమున్న కేసును కూడా ఆమె జాబితాలో చేర్చేది కాదు. ఒక్క తప్పుడు కేసు దొరికితే మిగతా అన్నీ కొట్టిపారేస్తారని ఆమెకు తెలుసు.

మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీల వంతు వచ్చింది. అవి ఎక్కడున్నాయో చెప్పడం రహస్యం. ఆమె ఆకాశంలో పసుపు, నారింజ రంగు పొగ కనిపించిన దిక్కుకు వెళ్లేది. పిక్రిక్ ఆమ్లంతో చర్మం పసుపెక్కిన కార్మికులు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆరా తీసేది. ఆ నారింజ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. వాటిని పీల్చిన మనిషి అప్పటికి బాగానే ఉన్నట్టు అనిపించి ఇంటికి వెళ్తాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడక చనిపోవచ్చు. ఫ్యాక్టరీలో ఏం పీల్చాడో అడగని డాక్టరుకు అది మామూలు న్యుమోనియాలాగే కనబడుతుంది.

హార్వర్డ్ పిలిచింది, మూడు షరతులతో

1919 నాటికి హార్వర్డ్ విశ్వవిద్యాలయం పారిశ్రామిక వైద్యంలో పైచదువు మొదలుపెట్టింది. ఆ సబ్జెక్టు చెప్పడానికి దేశంలో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అలా 50 ఏళ్ల వయసులో ఆలిస్ హార్వర్డ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయింది. 1636లో పుట్టిన ఆ సంస్థలో తొలి మహిళా అధ్యాపకురాలు ఆమే.

అయితే మూడు షరతులు పెట్టారు. ఫ్యాకల్టీ క్లబ్బులోకి రాకూడదు. అధ్యాపకులకిచ్చే ఫుట్‌బాల్ టికెట్లు అడగకూడదు. స్నాతకోత్సవంలో వేదిక మీద కూర్చోకూడదు. ఆమె కూడా ఒక షరతు పెట్టింది. ఏడాదిలో సగం కాలమే పాఠాలు చెబుతాను, మిగతా సగం ఫ్యాక్టరీల్లో తిరుగుతానంది. గనులూ కొలుములూ చూడకుండా ఈ సబ్జెక్టు చెప్పడం కుదరదని ఆమెకు గట్టి నమ్మకం.

ఇంకో సంగతి ఉంది. ఆమెకు పాఠం చెప్పడానికి చోటు దొరికింది కానీ, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చదువుకోవడానికి ఆడపిల్లలకు దొరకలేదు. తొలిసారి వాళ్లను చేర్చుకున్నది 1945లో. అప్పటికి ఆలిస్ ఉద్యోగంలో చేరి 26 ఏళ్లు, విరమించి పదేళ్లు. 1935లో విరమించే నాటికి కూడా ఆమె అసిస్టెంట్ ప్రొఫెసరే. 1925లో ఆమె రాసిన ఇండస్ట్రియల్ పాయిజన్స్ ఇన్ ద యునైటెడ్ స్టేట్స్ ఆ సబ్జెక్టుకు పాఠ్యపుస్తకమైనా, పదోన్నతి మాత్రం రాలేదు.

ఆమె ఓడిపోయిన వాదన

ఆ ఏడాదే మరో గొడవ నడిచింది. ఇంజిను టకటకమనకుండా ఉండటానికి పెట్రోల్‌లో సీసం సమ్మేళనం కలపడం మొదలుపెట్టారు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట అయిదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. 1925 మేలో ప్రభుత్వం వాషింగ్టన్‌లో సమావేశం పెట్టింది. తయారుచేసే కార్మికుడి వరకే ఆలోచిస్తే చాలదు, ప్రతి బండి పొగలోంచీ సీసం వీధుల్లో పడుతుంది, ఇంకో పదార్థం వెతకండని ఆలిస్ వాదించింది. ఆమె మాట నెగ్గలేదు. అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి.

అమెరికాలో రోడ్డు మీద తిరిగే వాహనాలకు సీసం పెట్రోల్ పూర్తిగా ఆగింది 1996లో. మన దేశంలో 2000లో. ఇప్పుడు 40 దాటిన మనమంతా చిన్నప్పుడు ఆ పొగ పీల్చినవాళ్లమే. ఆమె చెప్పింది విని ఉంటే ఎంతమంది పిల్లలకు మేలు జరిగేదో! సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని, దానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ఇప్పుడు వైద్యలోకం ఒప్పుకుంటోంది.

ఉద్యోగం వదిలాక కూడా ఆమె ఆగలేదు. రేయాన్ నూలు తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల నరాలను, మనసును ఎలా దెబ్బతీస్తుందో అధ్యయనం చేయించింది. 1943లో ఆత్మకథ రాసింది. 1970 సెప్టెంబర్ 22న, 101 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మూడు నెలలకు, డిసెంబర్ 29న, కార్మికుల భద్రత, ఆరోగ్యం కోసం అమెరికా దేశవ్యాప్త చట్టం చేసింది. ఆలిస్‌కు లేని ఒక అధికారాన్ని ఆ చట్టం ఇన్‌స్పెక్టర్లకు ఇచ్చింది. ఫ్యాక్టరీలోకి వెళ్లి చూసే అధికారం.

మీ ఇంటికి సంబంధించిన సంగతి

ఫ్యాక్టరీ పని మా ఇంట్లో ఎవరూ చేయరు కదా అనుకోకండి. బ్యాటరీ షాపు, పెయింటింగ్, వెల్డింగ్, రాతి కటింగ్, ఇవన్నీ మన వీధుల్లోనే ఉన్నాయి. మార్కాపురం పలకలైనా చీమకుర్తి గ్రానైటైనా రాయి కోస్తే ధూళి లేస్తుంది. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. అలా వచ్చేదే సిలికోసిస్. దానికీ క్షయకూ లక్షణాలు దగ్గరగా ఉంటాయి, ఉన్నవారికి క్షయ త్వరగా అంటుకుంటుంది కూడా. పని అడగకపోతే రెంటిలో ఒకటి తప్పిపోతుంది. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఇప్పుడు చేసే పనే కాదు, 20 ఏళ్ల కిందట మానేసిన పని కూడా. కొన్ని జబ్బులు అంత ఆలస్యంగా బయటపడతాయి.

దగ్గు, తలనొప్పి, దురద సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి వెళ్లగానే మళ్లీ వస్తున్నాయా? ఆ మాట తప్పక చెప్పండి.

బ్యాటరీ, పెయింటింగ్ పనివాళ్లు బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోవాలి. పనిబట్టలు విడిగా ఉతకాలి. సీసం దుమ్ము బట్టలతోపాటు ఇంటికొస్తుంది.

ఇంటికి కొత్త రంగు వేయించేటప్పుడు పాత రంగును పొడిగా గీకించకండి, తడిపి గీకించండి. గర్భిణులను, పసిపిల్లలను ఆ గదుల నుంచి దూరంగా ఉంచండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. పాత గోడల మీద ఉన్నది మాత్రం అంతకుముందు నాటి రంగే.

అనుమానముంటే రక్తంలో సీసం ఎంతుందో చెప్పే పరీక్ష ఉంది. డాక్టర్‌ను అడగండి.

ఇక మీ అబ్బాయో అమ్మాయో ఎంబీబీఎస్ చదువుతుంటే ఒక మాట. ఆలిస్‌కు దొరకని కోర్సులు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. ఎంబీబీఎస్ అయ్యాక ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల కోర్సు చేయవచ్చు. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో, చెన్నై లాంటి చోట్ల ఉన్న ప్రాంతీయ సంస్థల్లో అది ఉంది. ప్రమాదకర పరిశ్రమల్లో వైద్యాధికారిగా చేరేందుకు ఈ అర్హత అడుగుతారు. నీట్ పీజీ ద్వారా కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి ఇటువైపు రావచ్చు. పరిశోధన మీద ఆసక్తి ఉంటే అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. చేరే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు సరిచూసుకోండి. కౌన్సెలింగులో రేడియాలజీ, డెర్మటాలజీల తర్వాత ఎప్పటికో గాని గుర్తురాని దారి ఇది. కానీ ఒక్క డాక్టర్ ఒక ఫ్యాక్టరీలో దుమ్మును ఆపించగలిగితే, ఎన్నో మంచాలు నిండకుండానే మిగులుతాయి.

పెళ్లి సంబంధం వస్తే మనం మొదట అడిగేది అబ్బాయి ఏం చేస్తుంటాడనే. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ జవాబును మీరే ముందుగా చెప్పి, చీటీ మీద రాయించుకోండి.